వడపోతలో పోయిన గొంతు

నీటిపేటలో మనుషులు నోరు విప్పి తిట్టుకోవడం మానేసి ఒక తరం దాటింది. అంతమాత్రాన అక్కడివాళ్లంతా మర్యాదస్తులైపోయారని ఎవరూ పొరబడనక్కర్లేదు. తిట్లు నోట్లోంచి చెవి వెనక్కి మారాయి, అంతే.

భీమిలి తీరం సగం సముద్రంలో కలిసిపోయాక, మిగిలిన జనం ఒడ్డుకు దూరంగా తేలే పలకల మీద కట్టుకున్న ఊరది. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ ఏడాది నిండగానే కుడిచెవి వెనక మినపగింజంత మాటపూస అతికిస్తారు. మనసులో ఒక మాట అనుకుని, అది ఎవరికి చేరాలో తలుచుకుంటే చాలు, వాళ్ల పూసలోకి వెళ్లిపోతుంది. సైలెంట్ స్పీచ్ అని శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. జనం మాత్రం "పూసలో చెప్పాను" అంటారు. చేరేది శబ్దం కాదు, ఉత్తి మాట. అందుకున్నవాళ్లు దాన్ని ఉత్తరంలా తమ మనసులో తామే చదువుకోవాలి.

ఇంత గొప్ప సాధనం తయారుచేసినవాళ్లు ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు. పేరు చెప్పకుండా మాట పంపవచ్చు. లంచగొండుల మీద నిర్భయంగా ఫిర్యాదు చేయడానికి అని చట్టంలో రాసుకున్నారు. ఆ చట్టంతో నీటిపేటలో ఒక్క లంచగొండి కూడా పట్టుబడలేదు. ఫలానా కోడలు ఒళ్లు చేసిందనీ, ఫలానా మాస్టారిది విగ్గనీ, పదోక్లాసు పిల్ల నవ్వితే గుర్రం సకిలించినట్టుందనీ చెప్పుకోవడానికే దాన్ని వాడుకున్నారు. అందులోనూ పిల్లల మీదే ఎక్కువ. పెద్దవాళ్లయితే తిరిగి తిడతారు, పిల్లలైతే దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తారు. ఏడ్చేవాళ్లను ఏడిపించడం సులువైన పని, నీటిపేట జనానికి సులువైన పనులంటే ఇష్టం.

డాక్టర్ ముక్తేవి అలివేలుకు ముక్కు మీద కోపమని ఊళ్లో పేరు. నిజానికి ఆమెది కోపం కాదు, ఏవగింపు. మెదడు నరాల మీద పరిశోధన కోసం వచ్చి, ప్రయోగశాల వదల్లేక ఇక్కడే ఉండిపోయింది. యాభై దాటాయి. ఎదురుపడ్డ ప్రతివాడూ చేతులు జోడించి నమస్కారం పెడుతుంటే, వీడు ఇవాళ ఏ పిల్లను ఏడిపించి వస్తున్నాడో అనుకుంటూ తలాడించేది. ఆ ఊళ్లో ఆమె మనస్ఫూర్తిగా ఇష్టపడే మనుషులు ఇద్దరే. ఇందుజ, దానియేలు. ఇద్దరికీ పదహారేళ్లు. సముద్రగర్భంలో ఉన్న విద్యాలయంలో చేరాలని, ప్రవేశపరీక్ష కోసం అత్తా అని పిలుస్తూ రోజూ మధ్యాహ్నాలు ఆమె దగ్గరే చదివారు. ఇందుజకు సీటు వచ్చింది. దానియేలు పేరు జాబితాలో ఆ పిల్ల వెనకే ఆగిపోయింది. ఇందుజ మానుకుంటే సీటు అతనిది.

ఫలితాలు వచ్చిన వారానికే ఇందుజ పూసలోకి పేరులేని మాటలు మొదలయ్యాయి.

"నీకు వచ్చింది సీటు కాదు, జాలి."

"నీ నవ్వు చూస్తే అందరికీ రోత. నీ ఎదురుగా చెప్పరు, అంతే."

"ఎనిమిదేళ్లు వచ్చేదాకా పక్క తడిపినదానివి, సముద్రం అడుగుకి వెళతావా?"

రోజుకు పది, పన్నెండు. పిల్ల ఈత మానేసింది, అన్నం మానేసింది, అద్దం చూడడం మానేసింది. చివరికి విద్యాలయానికి రానని రాస్తానంది. ఆ పక్క తడిపిన సంగతి ఇంట్లోవాళ్లకు కాక ప్రాణస్నేహితుడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుందని ఊరు ఊరంతా దానియేలు వైపే వేలు చూపింది. సీటు కోసమే చేశాడన్నారు. వాడి తల్లి పోలమ్మ నాచువలలు కడిగి బతికే మనిషి కావడం వాళ్ల అనుమానానికి బాగా బలం ఇచ్చింది. నేరం రుజువైతే తల్లీకొడుకుల్ని సోమవారం పడవెక్కించి పంపేస్తారు. మళ్లీ ఏ తేలే ఊళ్లోనూ వాళ్లకు చోటుండదు. సముద్రగర్భ విద్యాలయం మాట ఇక దేవుడెరుగు.

విచారణ జరిపించమని అందరికంటే ముందు పట్టుబట్టింది ఇందుజ తల్లి కమలిని. ఆమె బాలరక్షణ సంఘానికి అధ్యక్షురాలు. ఆదర్శమాత అని ఊరిసభ రెండుసార్లు శాలువా కప్పింది. తండ్రి ఒడ్డున ఉద్యోగం చేసుకుంటూ పండక్కీ పబ్బానికీ వచ్చిపోయే మనిషి కాబట్టి పిల్ల భారమంతా ఆమెదే. కూతురు ఎలా ఏడుస్తోందో, తాను ఎలా ఒళ్లో పడుకోబెట్టుకుని ముద్దలు తినిపిస్తోందో కమలిని మార్కెట్లో కూరలు బేరం చేస్తూ కూడా చెప్పేది. విన్నవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు.

అలివేలు పదేళ్లుగా తయారుచేస్తున్న యంత్రం పేరు లోగొంతు. మనిషి మాట పైకి అన్నా, లోపల అనుకున్నా దానికొక గొంతు ఉంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ అక్షరాన్ని ఒత్తుతాడో, ఎక్కడ సాగదీస్తాడో, ఆ న్యూరల్ ప్యాటర్న్ మనిషి మనిషికీ వేరు. పూస పేరును చెరిపేయగలదు కానీ ఆ ఒడుపును పూర్తిగా చెరపలేదు. లోగొంతు ఆ జాడల్ని పోగుచేసి, పంపినవాడి గొంతుతోనే ఆ మాటను పైకి వినిపిస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. పేరులేని మాట దొరికేది అందుకున్నవాళ్ల పూసలోనే. వాళ్లు దాన్ని మనసులో చదువుకుని ఉంటారు కాబట్టి వాళ్ల సొంత లోగొంతు అందులో కలిసిపోయి ఉంటుంది. ఆ గొంతుకు మళ్లీ ఒక పునాది ఉంటుంది. పాలు తాగే వయసులో పగలూ రేయీ విన్న గొంతు, అంటే తల్లి గొంతు. ఎంత పెద్దవాళ్లయినా లోపల మాట్లాడుకునేటప్పుడు ఆ గొంతు అడుగున ఉండనే ఉంటుంది. అందుకని అలివేలు రెండు ఫిల్టర్లు పెట్టింది. మొదటి వడపోతలో చదివినవాళ్ల గొంతు పోతుంది. రెండో వడపోతలో వాళ్ల తల్లి గొంతు పోతుంది. మిగిలింది పంపినవాడిది. ఆ రెండో వడపోత తన తెలివికి పరాకాష్ఠ అని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

పోల్చి చూడడానికి బడిపిల్లల గొంతులు, మాస్టార్ల గొంతులు, పడవ నడిపేవాళ్ల గొంతులు అన్నీ సేకరించారు. తల్లిదండ్రుల గొంతులు కూడా తీసుకుందామా అని అలివేలు మాటవరసకు అడిగితే, ఊరిసభ అధ్యక్షుడు కొల్లూరి సోమేశ్వర్ చెవులు మూసుకున్నాడు.

"అపచారం డాక్టరుగారూ! కన్నవాళ్లని అనుమానిస్తామా? రేపు గుళ్లో దేవుడి గొంతు కూడా తీసుకుంటానంటారు మీరు."

అలివేలు నవ్వి ఊరుకుంది. వాదించడానికి ఓపిక లేక కాదు, ఆమెకూ ఆ అవసరం కనపడలేదు. రెండో వడపోత కోసం కమలిని గొంతు ఒక్కటే తీసుకోవలసి వచ్చింది. కమలిని పట్టుచీర కట్టుకుని మరీ ప్రయోగశాలకు వచ్చింది.

"నా గొంతు పూర్తిగా తీసేస్తుందాండీ ఇది? కాస్త కూడా మిగలదా?"

"రవ్వంత కూడా మిగలదు."

"అయితే తీసుకోండి. నా బంగారుతల్లి కోసం గొంతేంటి, ప్రాణమైనా ఇస్తాను" అని కమలిని కళ్లు తుడుచుకుంది. యంత్రం ముందు కూర్చుని జోలపాట పాడింది. అలివేలు విసుగ్గా గడియారం చూసుకుంది.

పరీక్ష జరిగింది. ఇందుజ పూసలోంచి తీసిన మాటల్ని ఒక్కొక్కటే యంత్రంలో వేస్తే, ఒక్కదానిలోనూ ఏ గొంతూ పలకలేదు. ఉత్త నిశ్శబ్దం. సభ పెద్దలు పెదవి విరిచి వెళ్లిపోయారు. యంత్రం తేల్చకపోతే పాత అనుమానమే ఖాయం చేస్తామని సోమేశ్వర్ కబురు పెట్టాడు. శుక్రవారం తీర్పు.

బుధవారం పొద్దున్నే పోలమ్మ ప్రయోగశాల గుమ్మంలో నిలబడింది. చేతులకు ఇంకా నాచు అంటుకునే ఉంది.

"ఏటి డాట్రమ్మా, మా గుంటడి గొంతు ఆ పెట్టిలో ఇనబడ్డాదా?"

"లేదు పోలమ్మా."

"మరింకేటి? ఆడు కాదని సెప్పీయండి."

"చెప్పాను. ఎవరి గొంతూ రాలేదు కాబట్టి యంత్రమే పనిచెయ్యలేదంటున్నారు."

"పన్జెయ్యని పెట్టి తెచ్చి మా బతుకుల మీద పెట్టినారా? ఆడు రాత్రి నుంచి గంజి ముట్టలేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే ఈడూ ఏడిసినోడే. ఈడికెందుకమ్మా ఆ కానిపని?" పోలమ్మ చేతుల నాచు కొంగుకు తుడుచుకుంది. "మీరు పెద్దోరు. మీకు మేము కనబడం గానీ, తప్పు సెయ్యడానికి మాత్రం ముందు మేమే కనబడతాం."

పోలమ్మ వెళ్లాక అలివేలు యంత్రం ముందు కూలబడింది. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాంకు ఆమె గవ్వ అని పేరు పెట్టుకుంది. అడిగినదానికి తప్ప నోరు విప్పదు కాబట్టి, ఊళ్లో మనుషులకంటే దానితో మాట్లాడడమే ఆమెకు సుఖం.

"గవ్వా, మొదటి వడపోత తర్వాత ఈ మాటలో ఎంత మిగిలింది?"

"దాదాపు మొత్తం డాక్టర్."

"రెండో వడపోత తర్వాత?"

"ఏమీ మిగల్లేదు."

అలివేలు తల ఎత్తింది. "రెండో వడపోతలో మామూలుగా ఎంత పోతుంది?"

"పప్పులో ఇంగువంత అని మీరే రాసుకున్నారు."

"మరి ఇందులో ఎంత పోయింది?"

"పప్పంతా పోయింది డాక్టర్."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. తల్లి గొంతు లెక్కలోకి రాదని కూడా మీరే రాశారు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ఇంటి దొంగను దాచిపెట్టే పనిముట్టును అలివేలు తన చేతులతో తానే చేసింది. సోమేశ్వర్ అపచారమన్నప్పుడు నవ్వింది కానీ, ఆ మూఢనమ్మకమే తన లోపలా ఉందని ఆమెకు తోచలేదు. చదువుకుని, లెక్కలు కట్టి, దాన్ని ఫిల్టర్‌గా బిగించింది. ఊరందరినీ ఏవగించుకునే మనిషికి ఆ పూట తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండో వడపోత తీసేసి మాటను మళ్లీ వేసింది.

"నీ నవ్వు చూస్తే అందరికీ రోత." గొంతులో కోపం లేదు, కసి లేదు. ఇంకొక్క ముద్ద తినమ్మా అని బతిమాలే గొంతు. కమలిని గొంతు.

ఆ మధ్యాహ్నం అలివేలు ఇందుజను పిలిపించింది. చెప్పకుండా సభలో వినిపించడం ఆమెకు మనసొప్పలేదు, ముందే చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఒక మాట మాత్రం వినిపించింది. పిల్ల ఏడవలేదు.

"అత్తా, ఆ పక్క తడిపిన మాట వచ్చిన రోజు నాకు జ్వరం. అమ్మ పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. పూసలో మాట వచ్చింది. నేను ఏడిచాను. 'ఏమొచ్చిందమ్మా, నేనున్నాగా' అంటూ దగ్గరికి తీసుకుంది." ఇందుజ తన నుదురు తాకి చూసుకుంది. "అప్పుడు కూడా ఆ చెయ్యి నా నుదుటి మీదే ఉంది అత్తా."

అలివేలు ఆ పిల్ల భుజం పట్టుకుంది. ఓదార్చడం ఆమెకు చేతకాదు.

"సభలో వినిపించాలా వద్దా, నువ్వే చెప్పు. వద్దంటే ఇది ఇక్కడే పూడ్చేస్తాను."

"వినిపించకపోతే దానియేలు వెళ్లిపోవాలి కదా."

"అవును."

"అయితే వినిపించండి. నేను ముందు వరసలో కూర్చుంటాను."

శుక్రవారం సాయంత్రం సభ నిండిపోయింది. పరాయి పిల్లాడిని వెళ్లగొట్టే వేడుకకు జనం ఎప్పుడూ తక్కువ కారు. పల్లీలూ బఠాణీలూ నములుతూ వచ్చి కూర్చున్నారు. అలివేలు వడపోత సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, యంత్రం మీట నొక్కింది. మూడు మాటలు వినిపించేసరికి బఠాణీల చప్పుడు ఆగిపోయింది. ఆ గొంతు తెలియనివాళ్లు అక్కడ లేరు. ప్రతి పండక్కీ వేదిక ఎక్కి పిల్లల పెంపకం మీద ఉపన్యాసమిచ్చే గొంతది.

"అది నా గొంతు కాదు" అంది కమలిని. కాసేపటికి "గొంతు నాదే కానీ మాట నాది కాదు" అంది. ఇందుజ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకు కమలిని ఒక్కసారిగా లేచి నిలబడింది.

"నీళ్ల అడుక్కి పోతానంటే ఏ తల్లి ఊరుకుంటుందే? ఏడిస్తేనే కదే నువ్వు నా దగ్గరికొచ్చేది! నవ్వుతూ తిరిగినన్నాళ్లూ నేనొకదాన్ని ఉన్నానని గుర్తుందా నీకు?"

ఇక ఊరంతా ఛీ కొడుతుందని అలివేలు అనుకుంది. మనుషుల్ని ఎంత తక్కువగా అంచనా వేసినా ఇంకా ఎక్కువే వేస్తున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆడవాళ్లు పరుగున వెళ్లి కమలినిని కావలించుకున్నారు. ఒకావిడ మంచినీళ్లు తాగించింది. మొగవాళ్లు "కడుపుతీపి, పాపం" అని నిట్టూర్చారు. ఇందుజ పక్కకు మాత్రం ఎవరూ రాలేదు, దానియేలు తప్ప. సభ పెద్దలు గుసగుసలాడుకున్నాక సోమేశ్వర్ లేచాడు.

"తల్లి గొంతు ప్రతి మనిషి అడుగునా ఉంటుందని డాక్టరుగారే సెలవిచ్చారు. అందువల్ల మనం విన్నది పాప తన మనసులో చదువుకున్నప్పటి గొంతే అయ్యుండొచ్చు. వడపోత తీసేసి వినిపించడం పద్ధతి కాదు. దాన్ని ఇకముందు ఎవరూ తీయకూడదని సభ తీర్మానిస్తోంది."

"ఆవిడ తన నోటితో ఒప్పుకుంది కదండీ!"

"అది ఆవేశం డాక్టరుగారూ. తల్లి ఆవేశంలో అన్నమాటకు విలువ కడతామా?"

వడపోత బిగించి మళ్లీ మాటలు వేయించారు. ఏ గొంతూ రాలేదు. యంత్రం ఎవరినీ పట్టలేదని రాసుకుని, పాత అనుమానాన్నే ఖాయం చేసి, దానియేలునీ పోలమ్మనీ సోమవారం పడవెక్కమన్నారు. ఒక్క గొంతూ ఎదురు పలకలేదు. కళ్లారా చూసి, చెవులారా విని, ఇంటికెళ్లి చేపలపులుసుతో అన్నాలు తిన్నారు. ఉమ్మేయడానికి కూడా పనికిరాని జనమని అలివేలు పైకే అంది. ఎవరో విని చిన్నగా దగ్గారు.

ఇందుజ ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. పోలమ్మ ఆ పిల్లను తన గదికి తీసుకుపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అలివేలు యంత్రాన్ని ఆపేద్దామని కూర్చుంది. ఇందుజ విచారణ తర్వాత మిగతా పిల్లల ఫిర్యాదులు కూడా చూడాలని ముందే అనుకున్నారు కాబట్టి, ఊళ్లో సగం మంది పిల్లల పూసలు లోగొంతుకు కలిపి ఉన్నాయి. వాళ్లకు వచ్చే పేరులేని మాటలన్నీ అందులో చేరుతుంటాయి.

"గవ్వా, ఇవాళ ఎన్ని వచ్చాయి?"

"ఒక్కటీ లేదు డాక్టర్."

"నిన్న?"

"నిన్న కూడా లేదు. శుక్రవారం సభ ముగిసినప్పటి నుంచి ఏ పిల్లకీ ఒక్క మాట రాలేదు."

"పూసలు చెడిపోయాయా?"

"పూసలు బాగానే ఉన్నాయి. పంపేవాళ్లు లేరు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడు ఒక్కడని సామెత. ఇక్కడ ఊరంతా ఒకేసారి తడుముకుంది. ఇందుజ కోసం తప్ప ఏ పిల్ల కోసమూ అలివేలు ఇంకా వడపోత తీయలేదు. తీయవచ్చని ఆ పిల్లల ఇళ్లలోవాళ్లకు తెలిసింది, అంతే.

సోమవారం పడవరేవులో పోలమ్మ మూటలు సర్దుకుంటోంది. దానియేలు పక్కన ఇందుజ చిన్న సంచీతో నిలబడింది. ఒడ్డున తండ్రి దగ్గర దిగి, విద్యాలయం తెరిచాక అక్కడి నుంచే వెళతానంది. దానియేలుకు కూడా సీటు ఇమ్మని అలివేలు తనకు తెలిసినవాళ్లందరికీ రాసింది, ఇంకా జవాబు లేదు. కమలిని రేవుకు రాలేదు. పరామర్శకు వచ్చేవాళ్లు పళ్లూ పాలూ పట్టుకుని ఆమె ఇంటిముందు వరసకట్టారు. పడవ కదిలేటప్పుడు ఇందుజ ఊరివైపు చూడలేదు. అలివేలు వైపు చూసి చెయ్యి ఊపింది.

సోమేశ్వర్ చేతులు వెనక్కి కట్టుకుని హుందాగా వచ్చాడు.

"చూశారా డాక్టరుగారూ! ఆ కుర్రాణ్ణి పంపించాలని తీర్మానించామో లేదో, పేరులేని మాటలన్నీ ఆగిపోయాయట. మా మనవడు కూడా నిన్న హాయిగా నిద్రపోయాడు. పీడ విరగడైంది."

"మీ మనవడికి రోజూ వచ్చేవి. శుక్రవారం సాయంత్రమే ఆగిపోయాయి" అంది అలివేలు. "దానియేలు పూస శుక్రవారం తర్వాత కూడా పనిచేస్తూనే ఉంది. వాడు పడవెక్కింది ఇప్పుడే. మూడు రోజులూ మీ మధ్యే ఉన్నాడు కదండీ. మరి ఆపిందెవరు?"

సోమేశ్వర్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. ఇటూ అటూ చూసి, ఎవరూ వినడం లేదని నిర్ధారించుకుని, ఒకడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ వడపోత... మళ్లీ గట్టిగానే బిగించారు కదండీ?"